డాలు ముందు, కత్తి తర్వాత: మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి

పోయిన వేసవి సెలవల్లో మా పిన్ని కొడుకు గాజువాకలో మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఖాళీగా ఉన్నాడు. నా పాత ల్యాప్‌టాప్‌లో వార్‌బ్యాండ్ అనే యుద్ధాల గేమ్ పెట్టిచ్చాను. రెండు గంటలు కూడా కాలేదు, "అన్నయ్యా, ఇందులో ఏం చెయ్యాలో ఎవడూ చెప్పడేంటి? గుర్రమెక్కి వెళ్తే పదిమంది చుట్టుముట్టి కొట్టేస్తున్నారు" అని మూసేశాడు. మర్నాడు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించాను. జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి వాడి దగ్గర ఎనభై మంది సైన్యం ఉంది. వాడికి చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ గేమ్‌లో గెలవడం అంటే చాలామందిని చంపడం అనుకుని దిగితే విసుగు తప్ప ఏమీ మిగలదు. మీ వెనక నడిచే ముప్పై, నలభై మందిని పస్తులు పెట్టకుండా, జీతాలు ఆపకుండా, అనవసరమైన పోట్లాటలో పోగొట్టుకోకుండా రేపటి దాకా తీసుకెళ్ళడమే ఇక్కడ అసలు పని. కత్తి తిప్పడం కూడా అందులో భాగమే. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇది ఏ గేమ్, ఎక్కడిది

టర్కీ రాజధాని అంకారాలో ఆర్మగాన్ యవుజ్, ఇపెక్ యవుజ్ అనే భార్యాభర్తలు మొదలుపెట్టిన టేల్‌వరల్డ్స్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేసింది. పూర్తి కాకముందే సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతూ, కొన్నవాళ్ళ మాటలు వింటూ పెంచుకుంటూ వచ్చారు. మొదటి మౌంట్ అండ్ బ్లేడ్ 2008లో, వార్‌బ్యాండ్ 2010 మార్చిలో వచ్చాయి. తర్వాతి భాగం బ్యానర్‌లార్డ్ 2020లో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తి కాకముందే అమ్మకానికి పెట్టడం) మొదలై 2022 అక్టోబర్‌లో పూర్తిగా విడుదలైంది. బ్యానర్‌లార్డ్ చూడ్డానికి చాలా బాగుంటుంది కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. వార్‌బ్యాండ్‌కి అంత అక్కర్లేదు, విడిగా కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. నేర్చుకోవడానికీ ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో చేసిన తప్పు వెంటనే కళ్ళకు కనిపిస్తుంది.

కథ జరిగేది కల్రాడియా అనే ఊహా ప్రపంచంలో. స్వాడియా, వేగిర్, నోర్డ్, రోడాక్, ఖెర్గిట్, సర్రానిద్ అని ఆరు రాజ్యాలు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంకొకరితో యుద్ధంలో ఉంటారు. మాయలు, మంత్రాలు, రాక్షసులు ఏమీ లేవు. మీరు ఎవరికీ తెలియని ఒక మనిషి, అంతే. వ్యాపారం చేసుకోవచ్చు, బందిపోటు కావచ్చు, ఒక రాజు కింద చేరవచ్చు, చివరికి మీరే రాజు కావచ్చు. ఏం చెయ్యాలో గేమ్ చెప్పదు. మా తమ్ముడు చిరాకుపడింది దీనికే, తర్వాత అతుక్కుపోయిందీ దీనికే.

మొదలుపెట్టే ముందు సెట్టింగులు

పాత ల్యాప్‌టాప్ అయితే ఆప్షన్లలో బ్యాటిల్ సైజ్ (యుద్ధంలో ఒకేసారి తెర మీద ఉండే మనుషుల సంఖ్య) తగ్గించండి. 30 నుంచి 150 వరకు ఉంటుంది. అరవై దగ్గర పెడితే యుద్ధం చిన్నదైపోదు, చచ్చినవాళ్ళ స్థానంలో మిగతావాళ్ళు వెనక నుంచి వస్తూనే ఉంటారు. నీడలు ఆపేయండి, నేల మీద కనిపించే శవాల సంఖ్య, గడ్డి దట్టం తగ్గించండి. విశాఖ మే నెల ఉక్కపోతలో ల్యాప్‌టాప్ ఫ్యాను మోతకి పక్క గదిలోవాళ్ళు కూడా లేచేస్తారు. ఈ మూడూ మారిస్తే వేడి బాగా తగ్గుతుంది. పరుపు మీద పెట్టి మాత్రం ఆడకండి, కింద గాలి ఆడాలి.

కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడు సేవ్ గురించి ఒక ప్రశ్న వస్తుంది. సేవ్ చెయ్యకుండా బయటికి రాగలిగే పద్ధతే ఎంచుకోండి. రెండోది తప్పు దిద్దుకోనివ్వదు. ఎలాగూ మన దగ్గర గాలీ వానా వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, ప్రతి ఊరి నుంచి బయటికి రాగానే సేవ్ చెయ్యడం అలవాటు చేసుకోండి.

కష్టం ఎంతుండాలి అనేది చాలామంది తప్పు పెట్టుకునే చోటు. మీకు తగిలే దెబ్బ పావు వంతుకు పెడితే ఏ దెబ్బా నొప్పెట్టదు, అడ్డుకోవడం ఎప్పటికీ రాదు. సగం దగ్గర పెట్టండి. మీ మనుషులకు తగిలే దెబ్బ కూడా సగానికి పెట్టుకోవచ్చు, రెండు మూడు వారాల తర్వాత పూర్తిగా పెంచుకుంటారు. ఇంకొకటి మరీ ముఖ్యం: అడ్డుకునే దిక్కు ఆటోమేటిక్‌గా కాకుండా మౌస్ కదలికతో వచ్చేలా మార్చండి. దాడి కూడా మౌస్ కదలికతోనే ఉండాలి.

పాత్ర తయారుచేసుకోవడం

మీ తండ్రి ఎవరు, చిన్నప్పుడు ఏం చేశారు, ఎందుకు ఇల్లు వదిలారు అని ప్రశ్నలు వస్తాయి. వీటి మీద గంటలు పెట్టొద్దు. తండ్రి పేదవాడైన జమీందారు అని ఎంచుకున్న మగ పాత్రకు మొదట్లో కాస్త పేరు, సొంత జెండా దొరుకుతాయి. ఆడ పాత్రగా మొదలుపెడితే ప్రభువులు అంత సులువుగా లెక్కచెయ్యరు, దారి కాస్త పొడవవుతుంది. అలా ఆడి సింహాసనం దాకా వెళ్ళినవాళ్ళ తృప్తి వేరు. కానీ అది రెండోసారి ఆటకి ఉంచుకోండి.

నాలుగు లక్షణాలు ఉంటాయి: బలం, చురుకుదనం, తెలివి, ఆకర్షణ. ప్రతి లెవెల్‌కి వీటిలో ఒక పాయింట్, స్కిల్స్‌లో ఒక పాయింట్, ఆయుధాల్లో పది పాయింట్లు వస్తాయి. తెలివి పెంచితే అదనంగా ఇంకో స్కిల్ పాయింట్. ఏ స్కిల్ అయినా దాని లక్షణంలో మూడో వంతు దాటి పెరగదు. అంటే గుర్రపుస్వారీ 4 కావాలంటే చురుకుదనం 12 ఉండాలి.

కొత్తవాళ్ళందరూ బలంలో పోసేస్తారు. మీరు పన్నెండు దాకా పెంచి ఆగండి. తెలివికి, ఆకర్షణకి ఇవ్వండి, ఎందుకంటే లీడర్‌షిప్ స్కిల్ ఆకర్షణ మీద ఆధారపడుతుంది, ఒక్కో మెట్టుకి ఐదుగురు మనుషులు అదనంగా మీ వెంట రాగలరు. మీ ఒక్కరి కండ కంటే ఆ ఐదుగురే ఎక్కువ పనికొస్తారు.

అడ్డుకోవడం

ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను. అందరూ తొందరపడి దాటేసేది దీన్నే.

దాడి నాలుగు దిక్కుల నుంచి వస్తుంది: పైనుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి, సూటిగా పొడవడం. మౌస్ పైకి కదిపి ఎడమ బటన్ నొక్కితే పైనుంచి వేటు, కిందికి కదిపితే పోటు. మౌస్ కుడి బటన్ నొక్కి పట్టుకుంటే అడ్డు. డాలు చేతిలో ఉంటే ముందునుంచి వచ్చే దెబ్బ ఏ దిక్కుదైనా ఆపుతుంది. డాలు లేకుండా కత్తితోనో ఈటెతోనో ఆపాలంటే, దెబ్బ ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ దిక్కుకే మీ అడ్డు ఉండాలి.

మా తమ్ముడికి ఒక మాట చెప్పాక పని సులువైంది. మన ఉత్తరాంధ్ర ఊళ్ళలో పండగలకి సాము గరిడీలు చూసే ఉంటారు. కర్ర తిప్పేవాళ్ళు ఎదుటివాడి కర్ర చివర వంక చూడరు, భుజం వంక చూస్తారు. భుజం ఎటు లేస్తే దెబ్బ అటు నుంచి. ఇక్కడా అంతే. శత్రువు కత్తి మొన వంక చూస్తే ఆలస్యమవుతుంది, అతని చెయ్యి ఎటు వెనక్కి వెళ్ళిందో చూడండి. అది కనబడిన క్షణంలో మౌస్ అటు కదిపి కుడి బటన్ నొక్కండి. ముందే నొక్కి పట్టుకుని ఉంటే మీ అడ్డు పాత దిక్కులో ఉండిపోతుంది, దిక్కు మారితే ఒకసారి వదిలి మళ్ళీ నొక్కాలి.

సాధన ఇలా చెయ్యండి. మొదటి మెనూలో ట్యుటోరియల్ ఉంది, అక్కడ పావుగంట. తర్వాత ఏదైనా పట్టణంలో అరీనాకి, అంటే పోటీ కొట్లాటలు జరిగే బరికి, వెళ్ళండి. అక్కడ ఏ ఆయుధం ఇస్తే దాంతోనే పోరాడాలి. ఓడిపోయినా పోయేదేమీ లేదు. మొదటి పది ఆటల్లో ఒక నియమం పెట్టుకోండి: ఎవరినీ కొట్టడానికి ప్రయత్నించకండి. అడ్డుకోవడం, వెనక్కి అడుగేయడం, మళ్ళీ అడ్డుకోవడం. ఎంతసేపు నిలబడగలరో చూడండి. అందరూ ఒకరినొకరు కొట్టుకుంటూ ఉంటారు, మీరు గోడకి ఆనుకుని ఒకేసారి ఒక్కడే మీద పడేలా చూసుకోండి. పదకొండో ఆట నుంచి, అడ్డు తగిలిన శబ్దం వినగానే ఒకే ఒక్క వేటు వెయ్యండి. రెండు కాదు, ఒకటే. ఎదుటివాడు మళ్ళీ చెయ్యి ఎత్తేలోపు మీరు మళ్ళీ అడ్డుకి రావాలి.

ఈ లయ చేతికి వచ్చేసరికి మా తమ్ముడికి మూడు సాయంత్రాలు పట్టింది. నాకు మొదట్లో అంతకంటే ఎక్కువే పట్టింది. ఆ తర్వాత ముగ్గురు దోపిడీగాళ్ళు ఒకేసారి మీద పడినా టెన్షన్ ఉండదు.

అరీనాలో చెయ్యి కుదిరాక అరీనా మాస్టర్‌ని టోర్నమెంట్ల గురించి అడగండి, ఎక్కడ జరగబోతోందో చెబుతాడు. టోర్నమెంట్‌లో ప్రతి రౌండుకి ముందు మీ మీద మీరే పందెం కాయవచ్చు, గరిష్ఠంగా 100 డెనార్లు (కల్రాడియా నాణేలు). డబ్బు లేని రోజుల్లో ఇది నిజంగా ఆదుకుంటుంది. గెలిస్తే పేరు కూడా పెరుగుతుంది, ఆ పేరే తర్వాత సైన్యం పరిమాణాన్ని పెంచుతుంది: ప్రతి 25 పేరు పాయింట్లకి ఒక మనిషి.

గుర్రం, ఈటె, విల్లు

గుర్రం మీద బలమంతా వేగంలోనే ఉంది. వేగంగా వెళ్తూ తగిలించిన దెబ్బ చాలా ఎక్కువ పనిచేస్తుంది, నిలబడిపోయిన గుర్రం మీద మాత్రం మీరు ఎత్తుగా కనబడే గురి. గుంపు మధ్యలోకి ఎప్పుడూ దూరకండి. అంచు వెంట దూసుకెళ్ళి ఒకరిని తగిలించి బయటికి వచ్చేయండి, తిరిగి రండి. గుర్రం ఆగిందంటే అక్కడే మీ యుద్ధం అయిపోయినట్టు.

లాన్స్ అనే రౌతుల పొడవాటి ఈటె పట్టుకుని దాడి బటన్ నొక్కకుండా వేగంగా పరుగెత్తిస్తే, ఒక వేగం దాటాక అది తనంతట తానే చంకకింద బిగుసుకుని ముందుకి వాలుతుంది. ఇక మీరు చెయ్యాల్సింది గుర్రాన్ని గురి వైపు నడపడమే. ఈ దెబ్బకి మామూలుగా ఒక్కడూ లేవడు. ఎదురుగా వచ్చే గుర్రపు రౌతుకి మాత్రం జాగ్రత్త, అతని లాన్స్ కూడా అంతే పొడవు.

విల్లు లాగినప్పుడు మధ్యలో గురి గుర్తు దగ్గరకి ముడుచుకుంటుంది, ఎక్కువసేపు పట్టుకుంటే మళ్ళీ విచ్చుకుంటుంది. బాగా ముడుచుకున్న క్షణంలోనే వదలాలి. క్రాస్‌బోకి (మీట నొక్కి వదిలే అడ్డ విల్లు) ఆ తొందర లేదు, కానీ మళ్ళీ బాణం పెట్టడానికి చాలాసేపు పడుతుంది.

మొదటి నెల: ఊళ్ళు, మనుషులు, తిండి

ఆట మొదలవగానే వీధిలో ఒక దొంగ మీద పడతాడు, తర్వాత ఒక వర్తకుడు తన తమ్ముణ్ణి విడిపించమని అడుగుతాడు. ఐదుగురు మనుషుల్ని పోగుచెయ్యమంటాడు. ఆ పని వదలకుండా చేయండి, డబ్బు వస్తుంది, ఊళ్ళలో మనుషుల్ని ఎలా చేర్చుకోవాలో కూడా దాంతోనే తెలుస్తుంది.

ఊళ్ళలో ఒక్కో మనిషికి పది డెనార్లు. మీకు ఆ ఊరితో మంచి సంబంధం ఉంటే ఎక్కువమంది వస్తారు, కొంచెం నేర్పు ఉన్నవాళ్ళు కూడా వస్తారు. అందుకని ఊరి పెద్ద అడిగే చిన్న పనులు చెయ్యండి: గింజలు తెచ్చివ్వడం, పశువులు తోలుకురావడం, ఊరివాళ్ళకి బందిపోట్లను ఎదుర్కోవడం నేర్పడం. ఊరిని బందిపోట్ల నుంచి విడిపించాక వాళ్ళు కృతజ్ఞతగా సరుకులు ఇవ్వబోతారు. వద్దనండి. గౌరవం పెరుగుతుంది, ఆ ఊరు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది. ఊరు దోచుకోవడం మొదట్లో డబ్బులిచ్చినా తర్వాత ఎక్కడికెళ్ళినా తలుపులు మూసుకుంటాయి. ఆ పని నేను ఎప్పుడూ చెయ్యను.

తిండి విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. ఎంత తిండి ఉంది అనేదే కాదు, ఎన్ని రకాల తిండి ఉంది అనేది కూడా సైన్యం మనోబలాన్ని పెంచుతుంది. రొట్టె ఒక్కటే బస్తాలకొద్దీ కొనేకంటే రొట్టె, ఎండుమాంసం, పొగబెట్టిన చేప, జున్ను కొంచెం కొంచెం పెట్టుకోండి. పచ్చిమాంసం కుళ్ళిపోతుంది, కొనకండి. మనోబలం పడిపోతే మనుషులు రాత్రికి రాత్రి వెళ్ళిపోతారు.

మొదటి శత్రువులుగా లూటర్లనే, అంటే చిల్లర దోపిడీగాళ్ళనే, ఎంచుకోండి. చేతిలో కర్రలు, కత్తులు, రాళ్ళు. వాళ్ళతో పోరాడితే కొత్తగా చేరినవాళ్ళకి అనుభవం వస్తుంది, మనిషి పోడు. సముద్రం ఒడ్డున తిరిగే సీ రైడర్లు అనే సముద్రపు దొంగల దగ్గరికి మొదటి వారంలోనే వెళ్ళకండి. వాళ్ళ కవచాలు, గొడ్డళ్ళు వేరే స్థాయివి. నేను మొదటిసారి ఆడినప్పుడు ఇరవై రెండు మంది కొత్తవాళ్ళతో ఒడ్డు వెంట వెళ్ళి వాళ్ళ చేతిలో పడ్డాను. ఒక్కడూ మిగల్లేదు, నన్ను కట్టేసి రోజుల తరబడి తిప్పారు. ఈ గేమ్‌లో మీరు చచ్చిపోరు, పట్టుబడతారు. సరుకులో కొంత పోతుంది, మనుషులు పోతారు, మీరు మాత్రం తప్పించుకుని మళ్ళీ మొదలుపెడతారు. అలా ఓడిపోయినప్పుడు వెంటనే పాత సేవ్‌కి పారిపోకండి. అప్పుడప్పుడూ అలాగే కొనసాగండి. ఒంటరిగా, చిరిగిన బట్టలతో మళ్ళీ పదిమందిని పోగుచేసుకోవడం ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

సీ రైడర్లను గెలిచే రోజు వస్తుంది. ముప్పై మంది నోర్డ్ కాలిబంట్లు, పదిమంది విలుకాళ్ళు ఉన్నప్పుడు. అప్పుడు వాళ్ళ దగ్గర దొరికే సామాను అమ్మితే చేతినిండా డబ్బు.

తోడుగా వచ్చేవాళ్ళు

పట్టణాల సత్రాల్లో పదహారు మంది తోటివాళ్ళు తిరుగుతుంటారు. ఒక్కొక్కరికి సొంత కథ ఉంటుంది. వీళ్ళు పోరాటంలో చచ్చిపోరు, స్పృహ తప్పుతారు, అందుకని వీళ్ళ మీద పెట్టిన అనుభవం ఎప్పటికీ వృథా కాదు.

అందరికంటే ముందు జెరెమస్‌ని వెతకండి. వైద్యుడు. శస్త్రచికిత్స స్కిల్ లేకపోయినా, పడిపోయిన మీ మనిషి బతికే అవకాశం పావు వంతు ఉంటుంది. ఆ స్కిల్ ఒక్కో మెట్టుకి అది నాలుగు శాతం పెరుగుతుంది. నూరు మంది పడిపోయే పెద్ద యుద్ధంలో ఇది ఎంత తేడానో ఆలోచించండి. జెరెమస్ లెవెల్ పెరిగిన ప్రతిసారీ తెలివి, శస్త్రచికిత్స, గాయాల చికిత్స. కత్తి ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

శస్త్రచికిత్స, దారి వెతకడం, వ్యూహం, ఇంజినీరింగ్ లాంటి పార్టీ స్కిల్స్‌లో మీ పార్టీలో, అంటే మీ వెంట తిరిగే బృందంలో, ఎవరిది ఎక్కువో అదే లెక్కకి వస్తుంది. కాబట్టి ఒకరికి ఒకటి అప్పగించండి. ఆర్టిమెనర్‌కి ఇంజినీరింగ్, బోర్చాకి దారి వెతకడం. మీరు అన్నీ నేర్చుకోవాలని చూడకండి. ట్రైనర్ స్కిల్ మాత్రం ఎంతమందికి ఉంటే అంత లాభం, ప్రతి అర్ధరాత్రి తక్కువ లెవెల్ వాళ్ళకి అనుభవం పంచుతుంది.

ప్రతి ఒక్కరికీ నచ్చేవాళ్ళు ఒకరు, నచ్చనివాళ్ళు ఇద్దరు ఉంటారు. అందరినీ చేర్చుకుంటే రోజూ పంచాయితీయే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఊరుకోకండి, ఇద్దరిలో ఒకరిని మొదట్లోనే పంపించేయండి. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే సత్రాల్లో కనిపించే యాత్రికుణ్ణి అడగండి, కొద్దిపాటి డబ్బుకి చెబుతాడు.

యుద్ధంలో ఆజ్ఞలు

ఇవి రాసిపెట్టుకుని తెర పక్కన అంటించుకోండి. 1 కాలిబంట్లు, 2 విలుకాళ్ళు, 3 రౌతులు, 0 అందరూ. తర్వాత ఎఫ్1, ఎఫ్1 అంటే ఇక్కడ నిలబడండి. ఎఫ్1, ఎఫ్2 అంటే నా వెంట రండి. ఎఫ్1, ఎఫ్3 అంటే మీద పడండి. ఎఫ్2, ఎఫ్4 దగ్గరగా నిలబడండి. ఎఫ్3, ఎఫ్3 గద లాంటి మొద్దు ఆయుధాలే వాడండి. ప్రస్తుతానికి ఈ ఐదూ చాలు.

యుద్ధం మొదలవగానే చాలామంది 0, ఎఫ్1, ఎఫ్3 నొక్కి తామూ పరుగెత్తుతారు. దాని బదులు ముందు చుట్టూ చూడండి. గుట్ట కనిపిస్తే అక్కడికి అందరినీ తీసుకెళ్ళి, ఎఫ్1, ఎఫ్1. సింహాచలం మెట్లు ఎక్కినవాళ్ళకి ఎత్తు విలువ చెప్పక్కర్లేదు. కింద నుంచి పైకి వచ్చే గుర్రం వేగం పోతుంది, పైనుంచి వేసిన బాణం దూరం వెళ్తుంది. విలుకాళ్ళు పైన, కాలిబంట్లు ఒక పది అడుగులు కింద దగ్గరగా, రౌతులు మీ వెంట పక్కన. శత్రువు బాణాలు తింటూ ఎక్కి వస్తాడు. వాళ్ళు ఇరవై అడుగుల దూరానికి వచ్చాక కాలిబంట్లకి మీద పడమనండి. అదే సమయంలో మీరు రౌతులతో చుట్టూ తిరిగి వెనక నుంచి పడండి.

రాజ్యానికో తీరు సైన్యం ఉంటుంది. స్వాడియాకి గొప్ప రౌతులు, నోర్డ్‌లకి గుర్రాలు లేవు కానీ వాళ్ళ హస్కార్ల్‌ను మించిన కాలిబంటు కల్రాడియాలో లేడు. రోడాక్‌లవి పెద్ద డాళ్ళు, ఈటెలు, క్రాస్‌బోలు. వేగిర్‌లకి మంచి విలుకాళ్ళు. ఖెర్గిట్‌లు దాదాపు అందరూ గుర్రాల మీదే, బయలులో పట్టుకోలేరు, కోట దగ్గర తడబడతారు. నేను నోర్డ్ కాలిబంట్లు, వేగిర్ విలుకాళ్ళు కలిపి వాడతాను. ఒక్కటి గుర్తుంచుకోండి, మీరు వేగిర్‌లతో యుద్ధానికి వెళ్తే మీ దగ్గరున్న వేగిర్ మనుషుల మనోబలం తగ్గుతుంది. వాళ్ళూ సొంత ఊరి మీదికి కత్తి ఎత్తాలంటే వెనకాడతారు.

బందీల గురించి: కత్తితో కొట్టినవాడు చస్తాడు, గదతో కొట్టినవాడు స్పృహ తప్పుతాడు. స్పృహ తప్పినవాణ్ణి బందీగా తీసుకుని సత్రంలో బందీల్ని కొనేవాడికి అమ్మవచ్చు. దీనికి బందీల నిర్వహణ స్కిల్ కనీసం ఒకటి ఉండాలి, ఒక్కో మెట్టుకి ఐదుగురు. టిహ్ర్ పట్టణంలో రామన్ అనే వ్యాపారి ఎప్పుడూ ఉంటాడు. పట్టుబడ్డ ప్రభువును మాత్రం అమ్ముకోకుండా వదిలేయండి. గౌరవం పెరుగుతుంది, అతనితో సంబంధం బాగుపడుతుంది, తర్వాత రోజుల్లో అది డబ్బు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

నిలకడైన ఆదాయం

జీతాలు ప్రతి వారం. మనుషుల నేర్పు పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది. దోపిడీ సామాను అమ్ముతూ ఎంతకాలం? పట్టణాల్లో గిల్డ్ మాస్టర్‌ని (వర్తకుల పెద్ద) కలిస్తే స్థలం కొని చిన్న పరిశ్రమ పెట్టుకోవచ్చు. పిండిమర, సారాబట్టీ, తోళ్ళ పని, ఇనుప పని ఇలా చాలా ఉన్నాయి. అన్నిటికంటే ఖరీదైంది 10,000 డెనార్ల వెల్వెట్ అద్దకం, లాభమూ దానికే ఎక్కువ. నా మాట వింటే, పది వేలు పోగయ్యేదాకా కవచం కొనకండి, ముందు అద్దకం పెట్టండి. ఒకటి నడుస్తుంటే రెండో పట్టణంలో ఇంకొకటి. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఆ పట్టణం ఉన్న రాజ్యంతో మీరు యుద్ధంలో పడితే ఆ ఆదాయం ఆగిపోతుంది. అందుకే తర్వాత ఏ రాజు కింద చేరాలనుకుంటున్నారో ఆలోచించి పెట్టండి.

కోట ముట్టడి

బొబ్బిలి కోట కథ బుర్రకథల్లో విని పెరిగిన మనకి, కోట పట్టడం అంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. 1757లో బొబ్బిలి మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలాయి. కల్రాడియాలో ఫిరంగి లేదు. నిచ్చెనలు, కదిలే చెక్క బురుజు మాత్రమే. ఎక్కడానికి ఒకే దారి, గోడ మీద నిలబడ్డవాడికే లాభం.

కాబట్టి తొందర పనికిరాదు. నిచ్చెన తయారుకావడానికి ఎంతసేపో ఇంజినీరింగ్ స్కిల్ నిర్ణయిస్తుంది, అక్కడ ఆర్టిమెనర్ పనికొస్తాడు. యుద్ధం మొదలయ్యాక మొదట విలుకాళ్ళను మాత్రమే ముందుకి పంపి, కాలిబంట్లను బాణం దూరానికి వెనక ఆపండి. గోడ మీదివాళ్ళు పలచబడ్డాక హస్కార్ల్‌లను ఎక్కించండి. మీరు మొదట ఎక్కాలన్న ఉత్సాహం వస్తుంది, ఎక్కకండి. మీరు పడితే ఆజ్ఞలు ఇచ్చేవాళ్ళు ఉండరు, ఆ ఒక్క తప్పుతో వందమంది నిచ్చెన మీద ఇరుక్కుని పోతారు. రౌతులు ఇక్కడ గుర్రం లేకుండా పోరాడాలి, వాళ్ళ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

రాజు కింద చేరడం

మొదట ప్రభువులు కిరాయి సైన్యంగా ఒప్పందం అడుగుతారు, ఒకటి రెండు నెలలు అలా చేసి చూడండి. వాళ్ళ తీరు తెలుస్తుంది. పేరు పెరిగాక ఏదో ఒక రాజు సామంతుడిగా రమ్మంటాడు. స్వాడియా నడిమధ్యలో ఉంటుంది, నాలుగు వైపులా యుద్ధం. రోడాక్ రాజ్యం కొండల్లో, నిలబెట్టుకోవడం కాస్త సులువు. మీ అద్దకాలు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి.

ప్రమాణం చేశాక మీ చేతికి ముందుగా వచ్చేది సాధారణంగా కోట కాదు, ఒక చిన్న ఊరు. చాలామంది దాన్ని పట్టించుకోరు, శత్రువులు కాల్చేస్తే చూసి ఊరుకుంటారు. మీరు అలా చెయ్యకండి. ఇంజినీరింగ్ తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, ముందు పిండిమర కట్టించండి, ఊరు బాగుపడుతుంది. తర్వాత బడి కట్టించండి. అది నెలనెలా ఊరివాళ్ళకి మీ మీద అభిమానం పెంచుతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఊరికి వెళ్ళి మనుషులు కావాలని అడగండి. మొదట్లో ముగ్గురో నలుగురో బిక్కుబిక్కుమంటూ వచ్చిన చోట, అప్పుడు పదిమందికి పైగా వస్తారు.